చెవి పెట్టిన ఎర్ర చుక్క

మా పనిలో ఒక రివాజు ఉండేది. బాగు చేసిన సెట్టు ఏదైనా, రేడియో గానీ టేప్‌రికార్డర్ గానీ, చెవి పాస్ చేయనిదే దుకాణం గడప దాటకూడదు. చెవి పాస్ అంటే పెద్ద విద్య ఏమీ కాదు. సెట్టు ఆన్ చేసి, దానికి వీపు తిప్పి కూర్చుని, కళ్ళు మూసుకుని ఒక పాట అయిపోయేదాకా వినాలి. జీర లేదు, గరగర లేదు అనిపిస్తే లోపల శబ్దం సరిచేసే చిన్న స్క్రూ మీద ఎర్రటి గోళ్ళ రంగు చుక్క ఒకటి పెట్టాలి. ఆ రంగు ఎండితే స్క్రూ కదలదు. ఎప్పుడైనా సెట్టు తిరిగొస్తే, చుక్క చూసి ఇది మన చేతిలోంచి పోయిందేనని గుర్తుపడతాం. చదువు రానివాడికి అంతకంటే మంచి సంతకం ఏముంటుంది?

నాకు అప్పుడు చదువు రాదు. రెసిస్టర్ల మీది రంగు గీతలు చదివేవాణ్ణి గానీ బస్సు మీది పేరు చదవలేకపోయేవాణ్ణి. నాకు యాభై దాటాక, పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో కూర్చున్న నా బిడ్డ ఒక ఎండాకాలమంతా నన్ను పలక ముందు కూర్చోబెట్టింది. ఆమె ఓపికతో వచ్చిన అక్షరాలే ఇవి. తప్పులుంటే నావి.

ఈ రివాజు నేర్పిన ఉస్తాద్‌ను ఆయన పని బల్ల మీంచి లేపింది నేనే. దాచి లాభం లేదు, ముందే చెప్తున్నాను. మూసారాంబాగ్‌లో ఆయన దుకాణం. ఒకరోజు ఒక ముసలాయన రేడియో తిరిగి పట్టుకొచ్చాడు, గుయ్యిమంటోందని. ఉస్తాద్ చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. మంచిగనే ఉంది అన్నాడు. గడప దగ్గర నిలబడ్డ నాకు ఆ గుయ్యి వినిపిస్తూనే ఉంది. గిరాకీకొచ్చిన ఆ ముసలాయన ముందరే అనేశాను:

"ఉస్తాద్, నీ చెవులు పోయినయ్. చెవి పోయినోడికి బల్లతోని ఏం పని? ఇంట్ల కూసో."

ఆయన నన్ను తిట్టలేదు. "ఎప్పటి సంది?" అని ఒక్క మాట అడిగాడు. నాకేం ఎరుక అన్నాను. గోళ్ళ రంగు సీసా నా ముందుకు జరిపి, చెప్పులేసుకుని పోయాడు. మళ్ళీ రాలేదు.

చెవి పోతే బల్ల పోవాలి. ఆ మాట నా నోటితో అన్నదే. అందుకే డెబ్బై దాటిన ఈ వయసులో నాకు రోకటి పోటులా ఉండే భయం ఒక్కటే, ఆ రోజు నాకెప్పుడొస్తుందా అని. భయం ఉన్నవాడు పరీక్ష చేయించుకోవాలి కదా. నేను చేయించుకోలేదు. భయం లేనట్టు తిరిగాను.

ఈ మధ్య నా బల్ల దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేది. మెట్రో పిల్లర్ల వెనక గల్లీలో, ఫోన్ కవర్లూ చార్జర్లూ అమ్మే ఒక దుకాణం లోపలి మూల. దుకాణం యజమాని గోదావరి దిక్కు నుంచి వచ్చిన మనిషి. నన్ను బాబాయ్ గారూ అంటాడు. ముందు వైపు ఆయన కవర్లు వేలాడుతుండేవి, వెనక నేను బ్లూటూత్ స్పీకర్లు, పాత ఆంప్లిఫయర్లు విప్పుకుంటూ కూర్చునేవాణ్ణి. ఇల్లు ఎల్.బి.నగర్ చౌరస్తా దాటి లోపలికి, బిడ్డ దగ్గర. ఆమె ప్రైవేటు బడిలో పంతులమ్మ. కాబట్టి నా మీద కూడా పంతులమ్మే.

"నాయినా, టీవీ గంత సౌండ్ ఎందుకు? కింది పోర్షనోళ్ళు పైకొచ్చి అడుగుతున్నరు."

"టీవీలోళ్ళు గొణుగుతున్నరు. నేనేం చెయ్యాలె?"

"కుక్కర్ అయిదుసార్లు కూసింది. పక్కనే కూసున్నవ్. బంద్ చెయ్యొచ్చు గద!"

"కూయలే."

"కూసింది నాయినా. నేను బాత్‌రూంలకెళ్ళి ఇన్న."

"అయితే నీ కుక్కరే ఖరాబైంది."

మరునాడు ఆ కుక్కర్‌కు కొత్త రబ్బరు రింగు, కొత్త విజిల్ తెచ్చి వేశాను కూడా. అదీ నా తీరు. దవాఖానకు పోదాం రమ్మంటే కసిరేవాణ్ణి. నా చెవి అన్నం పెట్టిన చెవి, నీకు డిగ్రీ ఇప్పించిన చెవి, దానికేం తెలుసు ఆ డాక్టరుకు అనేవాణ్ణి.

చలి మొదలైన రోజుల్లో ఒక పిల్ల వచ్చింది. పిల్ల అంటున్నాను గానీ ముప్పైకి దగ్గరే ఉంటుంది. నల్లగొండ దిక్కు ఊరు. సర్కారు కొలువు పరీక్షల కోసం ఇక్కడే హాస్టల్‌లో ఉండి కోచింగ్‌కు పోతోంది. చేతిలో పట్టుకుని ఆడే వీడియో గేమ్ డబ్బా ఒకటి బల్ల మీద పెట్టింది. అటూ ఇటూ బటన్లు, నడుమ తెర, కింద అగ్గిపెట్టెంత స్పీకరు.

"తాతా, దీనికి లైట్లు పెడతవా? సౌండ్ ఒచ్చినప్పుడల్లా మెరవాలె. పెద్ద సౌండ్‌కు పెద్దగ, చిన్న సౌండ్‌కు చిన్నగ. ఫోన్ల చూసిన, చానమంది చేసుకుంటున్నరు."

"మంచిగున్నదాన్ని పెండ్లి బ్యాండు బండి లెక్క చేయమంటవ్."

"చెయ్యి తాతా. అయిదేండ్ల సంది పుస్తకాలే చూస్తున్న. అండ్ల ఏదీ మెరుస్తలేదు."

నవ్వుతూనే అంది. ఆ నవ్వు చూసి కాదనలేకపోయాను. ఇంకోటి కూడా చెప్పింది, లైట్లకు స్విచ్ ఉండాలని. "రూంల ముగ్గురం ఉంటం. ఒకామెకు తలనొప్పి. లైట్లు వద్దనుకుంటే బంద్ కావాలె, ఆట మాత్రం నడవాలె." తర్వాత గొడవ కాకుండా అన్నీ చీటీ మీద రాసిచ్చింది. నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని పైకి చదివాను. నాలుగు లైట్లు, నీలం. స్విచ్ ఎడమ పక్కన. సౌండ్‌కే వెలగాలి, ఊరికే వెలగొద్దు.

ఆ చివరి మాట నన్ను ముంచింది. పిల్లది తప్పేం లేదు.

పని నాకు నచ్చింది. ఎన్నేళ్ళ తర్వాతో కొత్త పని. డబ్బా విప్పితే బ్యాటరీ పక్కన బొటనవేలంత ఖాళీ ఉంది. స్పీకరు తీగల నుంచి సన్నటి తీగ లాగి, ఒక ట్రాన్సిస్టరుకు ఇచ్చాను. స్పీకరుకు పోయే శబ్దం ఈ ట్రాన్సిస్టరును కూడా తట్టి లేపుతుంది, అది లేచినప్పుడల్లా లైట్లకు కరెంటు వదులుతుంది. ఎంత శబ్దానికి లేవాలో చెప్పే చిన్న స్క్రూ ఒకటి. డబ్బా పై అంచున చేతి డ్రిల్లుతో నాలుగు రంధ్రాలు వేసి, బియ్యపు గింజంత లైట్లు వెనక నుంచి అతికించాను. పాత బొమ్మ కారులోంచి జరిపే స్విచ్ ఒకటి తీసి ఎడమ పక్కన కూర్చోబెట్టాను. కళ్ళద్దాల మీద ఇంకో అద్దం పెట్టుకుని ఒక పూటంతా చేశాను. చెయ్యి వణకలేదు. యజమాని వచ్చి చూసి, "బాబాయ్ గారూ, మీ చేతికి ఇంకా పాతికేళ్ళేనండి" అన్నాడు. చేతికి. ఆ మాట ఎందుకు అట్లా ఎంచుకుని అన్నాడో అప్పుడు పట్టించుకోలేదు.

ఆన్ చేశాను. ఆట ఏంటంటే, చీకటి అడవిలో ఒక పాప గాజు సీసా పట్టుకుని నడుస్తుంటుంది. వెనక డోలు దడదడ మోగుతుంటుంది. కప్పలు అరుస్తాయి. పాప ఎగిరి మిణుగురు పురుగులను సీసాలో పడుతుంది. మనం ఆడకుండా వదిలేస్తే కాసేపటికి అదే ఆడి చూపిస్తుంది. డోలు మోగింది, నాలుగు లైట్లూ గుప్పున వెలిగాయి. కప్ప అరిచింది, రెండు వెలిగాయి. నాలో నేనే భేష్ అనుకున్నాను.

పాప మిణుగురును పట్టింది. లైట్లు చటుక్కున మెరిశాయి.

శబ్దమేమీ లేదు.

మళ్ళీ పట్టింది. మళ్ళీ మెరుపు. డోలు ఆగిన చోట, కప్పలు లేని చోట, నిశ్శబ్దంలో లైట్లు వెలుగుతున్నాయి. ఊరికే వెలగొద్దు అని చీటీ నా కళ్ళ ముందే ఉంది. నేను ఆలోచించాను. మిణుగురు సీసాలో పడగానే తెర ఒక్కసారి తెల్లగా వెలుగుతోంది. అంటే తెర బ్యాటరీని గుంజుతోంది, ఆ గుంజుడు లైట్లకు తగులుతోంది. చవక సెట్లలో అట్లాంటి రోగం ఉంటుంది, నేను వంద చూశాను. నా లెక్క ఎక్కడా తప్పు లేదు. తీగలు మెలితిప్పాను, ఎర్త్ తీగ మార్చాను, స్విచ్ విప్పి మళ్ళీ వేశాను. ఆ దొంగ మెరుపు పోలేదు. చివరికి కందిగింజంత కండెన్సర్ ఒకటి తెచ్చి ట్రాన్సిస్టరు ముందర వేశాను. సన్నటి సిగ్నల్ ఏదొచ్చినా దాన్ని లైట్ల దాకా పోనివ్వకుండా కిందికి పారబోస్తుంది అది. వేయగానే రోగం కుదిరింది. డోలుకు వెలుగుతోంది, కప్పకు వెలుగుతోంది, మిణుగురుకు లేదు. వీపు తిప్పి, కళ్ళు మూసుకుని ఆట ఒక దఫా అయ్యేదాకా విన్నాను. డోలు, కప్పలు. బాగుంది. స్క్రూ మీద ఎర్ర చుక్క పెట్టాను. అవతలి వైపు తెర మీద పాప సీసా నింపుకుంటూనే ఉంది.

పిల్ల సాయంత్రం వచ్చి తీసుకుపోయింది. స్విచ్ అటూ ఇటూ జరిపి మురిసిపోయింది. మరునాడు కోచింగ్ అయ్యాక మళ్ళీ వచ్చింది.

"తాతా, మిణుగురు దొరికినప్పుడు వెలుగుతలేదు."

"అప్పుడు ఎందుకు వెలగాలె? సౌండ్‌కే వెలగాలని నువ్వే రాసిస్తివి గద."

"సౌండ్ ఒస్తది గద తాతా."

"ఏం సౌండ్?"

"టింగ్ మంటది. సన్నగ. ఆటంత అదే. గా టింగ్ ఇననీకే ఆడేది."

"ఏదీ, ఆడు."

బల్ల అంచుకు ఆనుకుని ఆడింది. "ఇగో" అంది. పాప మిణుగురును పట్టింది. "ఇగో ఇంకోటి. ఇగో." నేను ఆమె ముఖం చూస్తున్నాను. ప్రతి మిణుగురుకూ ఆమె కనుబొమలు కొంచెం లేస్తున్నాయి. తెలియకుండానే లేస్తున్నాయి. అబద్ధమాడేవాళ్ళకు అట్లా లేవవు.

నాకు డోలు వినిపిస్తోంది. కప్పలు. గల్లీలో ఆటో.

"నీ చెవులల్ల మోగుతున్నట్టుంది పిల్లా" అన్నాను. సిగ్గు లేకుండా అన్నాను. ఆమె చుట్టూ చూసి, ముందు కవర్లు సర్దుతున్న యజమానిని అడిగింది: "అన్నా, నువ్వు చెప్పు. టింగ్ మని ఇనొస్తుందా లేదా?"

ఆయన ఆమెను చూడలేదు. నన్ను చూశాడు. తర్వాత చేతిలోని కవరును చూసుకుని, "ఏమోనమ్మా, రోడ్డు మీద బళ్ళ హోరు కదా" అన్నాడు.

అప్పుడు గల్లీలో ఒక్క బండి లేదు. ఆటో పోయి చాలాసేపైంది. అది నాకు తెలుసు, ఆటో చప్పుడు నాకు వినిపించే చప్పుడు కాబట్టి.

డబ్బా తీసుకుని విప్పాను. నా ఎర్ర చుక్క స్క్రూ మీద నిగనిగలాడుతోంది. కండెన్సర్‌ను వేడి చేసి ఊడబెరికాను. మళ్ళీ ఆన్ చేశాను. పాప ఎగిరింది, మిణుగురు సీసాలో పడింది, లైట్లు నీలంగా చటుక్కున మెరిశాయి. పిల్ల కనుబొమలు, లైట్లు, రెండూ ఒకేసారి లేచాయి. ఇంకోటి. ఇంకోటి. ఒక్కటి కూడా తప్పలేదు. నేను రోగమని చంపిందే అసలు పాణం. నా చెవి దాకా రానిదాన్ని ప్రపంచంలోనే లేదని తేల్చి, లైట్లను కూడా నాలాగే చెవిటివాటిని చేసి, పైన సంతకం పెట్టి పంపాను.

"గిట్లనే కావాలె తాతా!" అంది పిల్ల.

చుక్క గీకేశాను. కొత్త చుక్క పెట్టాలి. సీసా మూత తిప్పాను, చెయ్యి ముందుకు పోలేదు. పిల్లకు చెప్పాను: "దాని దిక్కు వీపు పెట్టి, కండ్లు మూసుకుని ఇను. జీర ఉందా, గరగర ఉందా చూడు. సక్కగ ఉంటే నువ్వే పెట్టు చుక్క."

"నేనెందుకు తాతా?"

"పెట్టు. రివాజు."

ఆమె వీపు తిప్పి కూర్చుని విన్నది. పరీక్షలో కూర్చున్నట్టు శ్రద్ధగా విన్నది. తిరిగి, "మంచిగుంది" అని చుక్క పెట్టింది. పెద్దదైపోయింది చుక్క, స్క్రూ చుట్టూ కారింది. తుడవలేదు. స్విచ్ ఒకసారి బంద్ చేసి, ఒకసారి ఆన్ చేసి చూసుకుని, వస్త తాతా అని పోయింది. ఏం జరిగిందో ఆమెకు తెలియదు.

ఆమె పోయాక యజమానిని పిలిచాను.

"ఎప్పటి సంది?" అని అడిగాను.

ఏంటి బాబాయ్ గారూ అనలేదు ఆయన. స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. నాకు వినిపించాలని కాబోలు, మెల్లగా, గట్టిగా, ఒక్కో మాటా చెప్పాడు.

"ఏడాదిన్నర అయిందండి. స్పీకర్లు తిరిగొస్తున్నాయి. కీచుమంటోందని ఒకరు, మాట సరిగ్గా తెలియట్లేదని ఒకరు. మీరు భోజనానికి వెళ్ళినప్పుడు తీసుకుని, కోఠీలో ఒకాయనకి పంపి చేయిస్తున్నానండి."

"నాకెందుకు చెప్పలే?"

"ఎలా చెప్పమంటారు? మీరు ఆ సీసా తీసి చుక్క పెడుతుంటే చూస్తాను కదండీ రోజూ. నోరు రాలేదు."

ఏడాదిన్నరగా నా చుక్కకు విలువ లేదు. నేను వీపు తిప్పి కళ్ళు మూసుకుని కూర్చుంటే, నా వెనక ఒక మనిషి జాలిపడుతూ నిలబడ్డాడు. కోపం వచ్చింది. నేను ఉస్తాద్‌కు చేసినట్టు ముఖం మీద అనేసి ఉంటే బాగుండేది కదా అనుకున్నాను. అనుకున్నానో లేదో, ఉస్తాద్ సంగతి మొత్తం గుర్తుకొచ్చింది. పైన సగమే రాశాను. మిగతా సగం ఇది.

ఉస్తాద్ ఎప్పటి సంది అని అడిగినప్పుడు నాకేం ఎరుక అన్నాను. ఎరుకే. ఏడాదిగా ఎరుక. ఆయన పాస్ చేసిన సెట్లలో గుయ్యి నాకు వినిపిస్తూనే ఉండేది. చెప్పలేదు. జాలితో కాదు. ఆ బల్ల ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూశాను. గిరాకీ ఎదుట, అందరూ వినేటట్టు అనడానికి అదను కోసం చూశాను. ముక్కుసూటి మనిషినని నాకు పేరు. ఆ రోజు అన్నది సూటి మాట కాదు, ఏడాది నానబెట్టిన మాట. ఆయన అడిగిందానికి జవాబు మాత్రం అబద్ధం చెప్పాను. ఆయన కాలం చేసి చాలా ఏళ్ళయింది. చెవి పోయిన మనిషికి తెలుసుకోవాలనిపించేది అదొక్కటే. ఎన్నాళ్ళుగా నేను తప్పు చేస్తున్నాను, ఎన్ని సెట్ల మీద ఉత్త చుక్కలు పెట్టాను? ఆయనకు ఆ లెక్క నేనివ్వలేదు. ఈ గోదావరాయన నాకిచ్చాడు.

ఆ రాత్రి కాదు, ఆ గంటే అనుకున్నాను, లైటు పెట్టుకుని పని చేయొచ్చు కదా అని. పిల్లకు చేసినట్టే నా బల్ల మీద నాలుగు లైట్లు, వినబడని శబ్దానికి అవి మెరుస్తాయి, నేను చూసుకుంటాను. కాసేపు సంబరపడ్డాను కూడా. అదీ కుదరదు. లైటు శబ్దం ఉందని చెప్తుంది. ఆ శబ్దం చక్కగా ఉందా, పగిలిందా చెప్పదు. గరగరకూ వెలుగుతుంది, పాటకూ వెలుగుతుంది.

సామాను సర్దాను. మీటరు, సోల్డరింగ్ ఐరన్ యజమానికే ఇచ్చేశాను, కోఠీ ఆయనకు పంపమని. గోళ్ళ రంగు సీసా ఎవరి ముందుకు జరపాలో తెలియలేదు. ఉస్తాద్‌కు నేనున్నాను, ఎట్లాంటివాణ్ణయినా. నా ముందు గోడ ఉంది. ఆ మూలలో ఇక కవర్లు వేలాడేస్తాడు. సీసా చొక్కా జేబులో వేసుకున్నాను.

"రేపు ఊరికే రండి బాబాయ్ గారూ, టీకి" అన్నాడు. ఆ మాట నాకు బాగానే వినిపించింది. రానని తల ఊపాను.

ఇంటికి పోయేసరికి బిడ్డ వంటింట్లో ఉంది. కుక్కర్ పొయ్యి మీద ఉంది. దాని ఎదురుగా కూర్చున్నాను. కాసేపటికి నేను కొత్తగా వేసిన విజిల్ లేచింది, చుట్టూ ఆవిరి చిమ్మింది, మళ్ళీ కూర్చుంది. నాకు సుస్సుమని ఆవిరి పోయినట్టు మాత్రం ఉంది, కూత లేదు. మూడుసార్లు లేవడం చూసి లేచి పొయ్యి బంద్ చేశాను. బిడ్డ వెనక్కి తిరిగి నన్ను చూసి ఏదో అంది. పెదవులు కదిలాయి. ఎప్పుడూ అయితే ఆఁ అని తల ఊపేవాణ్ణి, లేకపోతే నోట్లో గొణగకు అని కసిరేవాణ్ణి.

"మళ్ల చెప్పు బిడ్డా" అన్నాను. "ఇనపడలే."

ఆమె చేతిలోని గరిటె కింద పెట్టింది. దగ్గరికొచ్చి, నా ముఖానికి ఎదురుగా నిలబడి, మళ్ళీ చెప్పింది.